వెట్టిచాకిరి నుంచి విడుదల ధ్రువపత్రం: దరఖాస్తు ఎలా చేయాలి?

అడ్వాన్సు పేరుతో ఇటుక బట్టీలోనో, కోళ్ల ఫారంలోనో చిక్కుకుపోయిన కూలీ బయటపడాలంటే అన్నిటికన్నా ముందు కావలసింది విడుదల ధ్రువపత్రం. రెవెన్యూ ఆఫీసుల్లో దీన్ని రిలీజ్ సర్టిఫికెట్ అంటారు. ఇది చేతిలో లేకుండా సొంతూరు చేరితే అప్పు బెదిరింపు అలాగే మెడమీద ఉంటుంది, పునరావాసం డబ్బు రాదు, అడ్వాన్సు ఇచ్చి పనికి తెచ్చిన మేస్త్రీ మళ్లీ గుమ్మం ముందు నిలబడతాడు.

దరఖాస్తు రాసే ముందు చట్టం దేన్ని వెట్టి అంటుందో తెలియాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒప్పందం ప్రకారం, ఏదో ఒక దండన ఉంటుందని బెదిరించి, మనిషి తన ఇష్టంతో ముందుకు రాకపోయినా చేయించుకునే పని నిర్బంధ శ్రమ. అలా చేయించడాన్ని నేరంగా శిక్షించాలని 25వ అధికరణం చెబుతుంది. భారత్ దీన్ని 1954లో ఆమోదించింది. ఆమోదించినంత మాత్రాన ఒప్పందం మన కోర్టుల్లో చట్టం అయిపోదు, పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని అప్పటికే నిషేధించింది. శిక్షలు, అప్పుల రద్దు, కలెక్టర్ బాధ్యతలు మాత్రం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టంతో వచ్చాయి. 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పేదరికం వల్ల వేరే దారి లేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేసినా అది నిర్బంధ శ్రమేనని చెప్పింది. కాబట్టి గొలుసులు, తాళాలు ఉంటేనే వెట్టి అనే అధికారికి ఈ తీర్పు చూపించండి.

దరఖాస్తును కూలీ పనిచేస్తున్న చోటి కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ ఇవ్వాలి, సొంత జిల్లాలో కాదు. ఒడిశాలోని బొలంగీర్ నుంచి పెద్దపల్లి బట్టీకి వచ్చిన కుటుంబమైతే పత్రం పెద్దపల్లి జిల్లా అధికారులే ఇవ్వాలి. కూలీయే రాయనక్కర్లేదు. బంధువు, యూనియన్, స్వచ్ఛంద సంస్థ, ఎవరైనా రాయొచ్చు. తెల్లకాగితం చాలు.

అందులో ఏం రాయాలన్నదే అసలు విషయం. ‘నాకు కూలీ ఇవ్వడం లేదు, ఇప్పించండి’ అని రాస్తే అది జీతం బకాయి ఫిర్యాదుగా మారి లేబర్ ఆఫీసుకు పోతుంది. అడ్వాన్సుకు, పోయిన స్వేచ్ఛకు ఉన్న లంకె అక్షరాల్లో కనపడాలి. ఏ నెలలో, ఎవరి చేతుల మీదుగా, ఎంత తీసుకున్నారు? వెయ్యి ఇటుకలకు ఎంత అన్నారు, వారం ఖర్చులకు ఎంత ఇస్తున్నారు? రోజుకు ఎన్ని గంటల పని? మానేస్తానంటే ఏమన్నారు? ఊరికి, ఆస్పత్రికి, వేరే పనికి వెళ్లనిస్తున్నారా? ఆధార్, ఫోన్ ఎవరి దగ్గర ఉన్నాయి? బట్టీ పేరు, గ్రామం, మండలం, పక్కనున్న గుర్తు కూడా రాయండి. వేతనం లేకపోవడం, వేరే పనికి వెళ్లలేకపోవడం, కదలలేకపోవడం లాంటివన్నీ ఒకేసారి ఉండనక్కర్లేదు. అడ్వాన్సు వల్ల వీటిలో ఒక్కటి కోల్పోయినా చాలు.

భార్య, పెద్ద పిల్లలు, తల్లి, పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ వయసూ విడివిడిగా రాయాలి. కుటుంబ పెద్ద పేరు మీద ఒకే పత్రం ఇచ్చి పంపేయడం తరచూ జరిగే తప్పు. దానివల్ల ఎక్కువ నష్టపోయేది ఆడవాళ్లే, ఎందుకంటే వాళ్లకు వచ్చే సాయం ఎక్కువ.

ఒక ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. ఇంకో ప్రతి జిల్లా న్యాయసేవల సంస్థకు ఇవ్వండి, ఉచిత న్యాయ సహాయం నంబరు 15100.

విచారణలోనే చాలా దరఖాస్తులు దెబ్బతింటాయి. యజమాని ఎదురుగా అడిగితే ఏ కూలీ నోరు విప్పడు. వాంగ్మూలం విడిగా తీసుకోవాలని, ఒడియా వాళ్లైతే యజమానికి సంబంధం లేని దుబాసీ కావాలని రాతపూర్వకంగా అడగండి. ‘అడ్వాన్సు కట్టేస్తే వదిలేస్తారట’ అనే రాజీకి ఒప్పుకోవద్దు. 1976 చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఆ అప్పు ఇప్పటికే రద్దయింది, దాన్ని వసూలు చేయడమే నేరం. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారం 15వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడిదే. రాత్రికి రాత్రి వాహనం ఎక్కించి ఊరికి పంపుతామంటే, పత్రం చేతికొచ్చాకే కదలండి.

పత్రంపై పేరు, తేదీ, సంతకం, ముద్ర చూసుకోండి. కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల దాకా ఉంటుంది, దీనికి యజమానికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు. పునరావాసం కింద వయోజన పురుషుడికి 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా లాంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. ఈ పెద్ద మొత్తం వెట్టి రుజువుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఎఫ్ఐఆర్ నమోదైందో లేదో వెంటనే కనుక్కోండి. కూలీ దళితుడో ఆదివాసీయో అయితే అట్రాసిటీ చట్టం సెక్షన్ కూడా పెట్టించండి.

అధికారి కదలకపోతే జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయొచ్చు, హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు. జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థకు వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేయలేరు. కార్మిక సంఘాలు మాత్రం 29వ ఒప్పందం అమలుపై తమ పరిశీలనలు పంపొచ్చు. ఆ సంస్థ నిపుణుల కమిటీ వాటిని చూసి భారత ప్రభుత్వాన్ని వివరణ అడుగుతుంది. అందుకే తిరస్కరించిన ప్రతి దరఖాస్తు నకలు, దానిపై ఉన్న ముద్రతో సహా, మీ సంఘానికి ఇవ్వండి.