గైడు పక్కన ఒక కథల పుస్తకం: చదివే అలవాటు ఎలా చేసుకోవాలి?

కర్నూలులో లైబ్రరీకి ఎవరు పోతున్నారులే అనేవాళ్లు ఈ మధ్య ఆ పక్కకు పోయి ఉండరు. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పోస్టుకో, బ్యాంకు పరీక్షకో తయారయ్యే పిల్లలతో రీడింగ్ హాలు నిండి ఉంటుంది. కాస్త ఆలస్యమైతే కుర్చీ దొరకదు. అయితే వాళ్లలో చాలామంది చదివేది ఇంటి నుంచి తెచ్చుకున్న గైడునే. వెనక బీరువాల్లోని పుస్తకాలు అట్లే ఉంటాయి. లైబ్రరీ వాళ్లకు ఇస్తున్నది ఒక ఫ్యాను, ఒక బల్ల, కాస్త నిశ్శబ్దం, అంతే.

వాళ్లను ఏమీ అనలేం. ఉద్యోగం వస్తేనే ఇల్లు నిలబడే కుటుంబాలు మన దగ్గర ఎక్కువ. కానీ రోజుకు 20 నిమిషాలు పరీక్షతో సంబంధం లేని పుస్తకం చదివితే గైడు చదవడం కూడా తేలికవుతుందని నా నమ్మకం. ఎందుకో ముందు చెప్పి, ఎట్లా మొదలుపెట్టాలో తర్వాత చెబుతాను. ఇది ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ, కోచింగ్ వయసువాళ్ల కోసం. తల్లిదండ్రులకు కూడా చివర్లో ఒక మాట ఉంది.

ఏం లాభం?

మొదటిది కూర్చునే ఓపిక. రీల్స్‌కు అలవాటు పడిన కన్ను అర నిమిషానికోసారి కొత్తది కావాలంటుంది. పరీక్షలో పెద్ద పేరా ఇచ్చి కింద ఐదు ప్రశ్నలు అడిగితే, పేరా చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. తెలివికి లోటుండదు, అంతసేపు ఒకేచోట మనసు నిలవదు. తర్వాత ఏమవుతుందో అనే ఆత్రంతో యాభై పేజీలు కదలకుండా చదివే అలవాటున్నవాడికి ఆ పేరా ఒక లెక్క కాదు.

రెండోది మాటలు. ఇంగ్లీషు మీద చేసిన పరిశోధనల్లో ఒక సంగతి తేలింది. బాగా చదువుకున్న పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటల్లో కంటే పిల్లల పుస్తకాల్లోనే అరుదైన పదాలు ఎక్కువట. అంటే ఎంతసేపు కబుర్లు విన్నా, టీవీ చూసినా కొన్ని పదాలు మన దాకా రానే రావు, అవి అచ్చులోనే దొరుకుతాయి. తెలుగులోనూ అంతేనని నేననుకుంటాను. ఇంటర్వ్యూలో నోరు పెగలని పిల్లవాడికి చాలాసార్లు విషయం తెలిసే ఉంటుంది. చెప్పడానికి మాటే దొరకదు.

మూడోది మన సీమ పిల్లలకు బాగా పనికొచ్చేది. 2000లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ చాలా దేశాల్లో 15 ఏళ్ల పిల్లలకు పీసా అనే పరీక్ష పెట్టింది. అందులో మన దేశం లేదు. చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్ల పిల్లల్లో ఇష్టంగా, ఎక్కువగా చదివేవాళ్లు, పెద్ద ఉద్యోగాలవాళ్ల పిల్లల్లో పుస్తకం ముట్టనివాళ్ల కంటే చదివి అర్థం చేసుకోవడంలో ముందున్నారు. ఇష్టం వల్ల మార్కులు వచ్చాయా, బాగా చదవగలరు కాబట్టి ఇష్టం పుట్టిందా అనేది ఆ పరీక్ష తేల్చలేదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నా ఉద్దేశం. ఆదోని, కోసిగి వైపు అమ్మానాయనలు సుగ్గికి, అంటే కూలి పనులకు వలసగా, గుంటూరు పక్కకు పోతే ఊర్లో అవ్వ దగ్గర ఉండి బడికి పోయే పిల్లలున్నారు. వాళ్లకు ట్యూషన్ పెట్టించలేకపోవచ్చు, పుస్తకం మాత్రం అందించగలం.

1. ముందు సెల్లుకు చోటు చూపించండి

సైలెంట్‌లో పెట్టి దిండు పక్కన పెట్టుకుంటే లాభం లేదు, చెయ్యి దానంతటదే పోతుంది. సెల్లు వేరే గదిలో ఉండాలి. ఒకటే గది ఉన్న ఇల్లయితే అమ్మ చేతికివ్వండి, లేదా బీరువా మీద పెట్టండి. లేచి నిలబడితే తప్ప అందని చోటు అయితే చాలు.

టైమ్ కూడా కొత్తగా వెతుక్కోవద్దు. రోజూ తప్పకుండా చేసే పని ఏదైనా ఉంటే దాని వెనకాలే పెట్టుకోండి. రాత్రి అన్నం తిన్న తర్వాతో, పొద్దున టీ తాగాకో. ‘తీరిక దొరికినప్పుడు’ అనుకుంటే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు. బస్సులో చదువుదామనుకునేవాళ్లు కొందరికి కడుపులో తిప్పుతుందని గుర్తుపెట్టుకోవాలి.

మొదట్లో 20 నిమిషాలు చాలు. నిదానంగా, పేజీకి రెండు నిమిషాల చొప్పున చదివినా రోజుకు 10 పేజీలవుతాయి. 150 పేజీల పుస్తకం 15 రోజుల్లో అయిపోతుంది. ఆ లెక్కన ఏడాదికి 24 పుస్తకాలు. ఇంత నెమ్మదిగా చదివి ఇన్ని పుస్తకాలా అని మీకే ఆశ్చర్యమేస్తుంది. త్వరగా చదవడం నేర్పుతామనే కోర్సుల జోలికి పోవద్దు. కథను తొందరగా ముగించి ఎక్కడికి పోవాలి?

2. కార్డు తీసుకోండి

మీ నాన్న కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది, పన్నులో రూపాయికి 8 పైసలు. రసీదు తీసి చూడండి. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. అంటే లైబ్రరీకి మీ ఇంటివాళ్లు ఎప్పటినుంచో చందాదారులే, పుస్తకం తెచ్చుకోవడమే తరువాయి.

జిల్లా కేంద్రంలోని పెద్ద లైబ్రరీకైనా, మీ మండలంలోని శాఖకైనా పోయి సభ్యత్వం ఫారం అడగండి. ఆధార్ జిరాక్స్, ఫొటో వెంట ఉంచుకోండి. హామీ సంతకం కావాలంటే మీ లెక్చరర్‌ను అడగొచ్చు. కొంత డిపాజిట్ తీసుకుంటారు, సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి ఇచ్చేస్తారు, కాబట్టి రసీదు జాగ్రత్త. చిన్న శాఖలు మధ్యాహ్నం మూసి ఉండటం మామూలే, తలుపు దగ్గర బోర్డు మీద వేళలు చూసుకుని పోండి.

ఈ లైబ్రరీలు ఊరికే రాలేదు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయి వచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో కర్నూలులోనే పుట్టారు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి, చదువు రాని పెద్దవాళ్లకు చదువు చెప్పే పనికి చాలా ఏళ్లు పెద్ద దిక్కుగా ఉన్నారు. ఆ ఊరి పిల్లలే బీరువా తలుపు తీయకుండా తిరిగిపోతుంటే నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

3. మొదటి పుస్తకం ఎట్లా ఎంచుకోవాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

పుస్తకాలకు విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో అమర్చిన లైబ్రరీలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. పుస్తకం వీపు మీద అతికించిన చీటీ మీద ఆ అంకె కోసం చూడండి. నంబర్లు కలగాపులగంగా ఉంటే లైబ్రేరియన్‌ను అడగండి. ‘కథల పుస్తకాలు ఎక్కడున్నాయి సార్?’ అంటే చాలు. గైడు కాకుండా వేరే పుస్తకం అడిగినవాళ్లను చూస్తే వాళ్లకూ సంతోషమే.

బీరువా ముందు నిలబడ్డాక అట్ట చూసి మోసపోకండి. చివరి పేజీ తిప్పండి. అక్కడ ఒక చీటీ అతికించి, తిరిగి ఇవ్వాల్సిన తేదీలు వరసగా ముద్రలు కొట్టి ఉంటాయి. ఆ చీటీ చదవడం నేర్చుకోండి. కొన్నింటిలో రెండు మూడు ముద్రలే ఉంటాయి, అవీ వెలిసిపోయి. కొన్నింటికి ఒక చీటీ నిండిపోయి, దాని మీదే ఇంకోటి అతికించి ఉంటుంది. మూలలు మడత పడి, వీపు ఊడిపోయి, టేపు వేసిన పుస్తకం ఇదే అయి ఉంటుంది. మీకంటే ముందు ఎంతోమంది ఇంటికి తీసుకుపోయి చదివారన్నమాట. దాన్ని తీసుకోండి. పేపర్లో సమీక్ష కంటే నేను ఆ చీటీనే నమ్ముతాను.

మొదటిసారి కథల సంపుటి అయితే మంచిది. ఒక్కో కథ ఎనిమిది పది పేజీల్లో అయిపోతుంది, 20 నిమిషాలకు సరిగ్గా సరిపోతుంది. రాయలసీమ కథలు దొరికితే ఇంకా మేలు. జొన్న రొట్టె, ఉగ్గాని, ఎండిపోయిన బోరు, బెంగళూరు బస్సు, మనింట్లో మాట్లాడుకునే మాట ఉన్నది ఉన్నట్టు అచ్చులో కనిపించేసరికి ‘అరె, ఇట్లా కూడా రాస్తారా!’ అనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల భాషకు భయపడి తెలుగుకు దూరమైనవాళ్లను ఇవి వెనక్కి లాగుతాయి.

2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అనంతపురం జిల్లా రచయిత బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’కి వచ్చింది. పాత సీమ చరిత్ర మీద రాసిన నవల. తప్పక చదవాల్సిందే కానీ మొదటి పుస్తకంగా వద్దు, అలవాటు కుదిరాక ముట్టుకోండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలతో కూడా మొదలుపెట్టవద్దనే చెబుతాను. వాటిలో చాలామటుకు ఒకే మాటను రెండు వందల పేజీలు సాగదీస్తాయి. చదివిన రోజు ఊపు వస్తుంది, రెండో రోజుకు దిగిపోతుంది.

4. నచ్చకపోతే వదిలేయండి

కథ నచ్చకపోతే రెండో కథకు పోండి. పుస్తకమే నచ్చకపోతే వాపసు ఇచ్చి ఇంకోటి తెచ్చుకోండి. మొదలుపెట్టింది ముగించాలనే పట్టుదల సిలబస్‌కు ఉండాలి. ఇక్కడ దాని పనేమీ లేదు.

5. అవ్వకు చదివి వినిపించండి

గడగడా చదవడం రానివాళ్లకు, తడబడుతూ ఆగిపోయేవాళ్లకు ఇంతకంటే మంచి మందు లేదు. ఇంట్లో చదువు రాని అవ్వో, చూపు ఆనని జేజినాయనో ఉంటే రోజూ ఒక కథ పైకి చదవండి. పైకి చదివేటప్పుడు తెలియని చోట దాటుకుంటూ పోవడం కుదరదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో తెలియాలంటే వాక్యం అర్థమై తీరాలి.

పైగా వాళ్లు ఊరికే వింటారా? ‘ఆ పిల్ల తిరిగి రాదులేరా’ అంటారు, ‘మన ఊర్లో కూడా ఇట్లాగే జరిగింది’ అని ఇంకో కథ ఎత్తుకుంటారు. మీకు తెలియని మాటకు నిఘంటువు కంటే ముందు వాళ్లే అర్థం చెప్పేస్తారు. గుంటక, కాడి, కపిలబాన వంటి సేద్యపు మాటలు కథలో తగిలితే అవ్వను మించిన టీచరు లేదు.

6. తెలియని మాట దగ్గర ఆగిపోవద్దు

ప్రతి మాటకూ అర్థం వెతుక్కుంటూ పోతే కథ చచ్చిపోతుంది. పెన్సిల్‌తో చీటీ మీద రాసుకుని ముందుకు పోండి (లైబ్రరీ పుస్తకం మీద మాత్రం గీతలు పెట్టకండి). సగం మాటలకు తర్వాతి పేజీల్లో అర్థం తానే తెలుస్తుంది. మిగిలినవి 20 నిమిషాలూ అయ్యాక చూసుకోండి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో పాత, కొత్త తెలుగు నిఘంటువులు చాలా ఒకేచోట ఉచితంగా వెతకొచ్చు.

7. ఫోన్‌లో చదవొచ్చా?

చదవొచ్చు, ఏం చదువుతున్నారన్నదాన్ని బట్టి. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను కలిపి చూసి 2018లో ఒక విశ్లేషణ వేశారు. సమాచారం ఉన్న పాఠాలు తెర మీద కంటే కాగితం మీద చదివినప్పుడే బాగా అర్థమవుతున్నాయని, టైమ్ పెట్టి చదివించినప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతోందని అందులో తేలింది. కథల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి పాలిటీ, ఎకానమీ పీడీఎఫ్‌లు వీలైతే ప్రింట్ తీసుకోండి. కథలు ఫోన్‌లో చదివినా ఇబ్బంది లేదు, నోటిఫికేషన్లు ఆపేయాలి, అంతే.

కాపీరైటు తీరిన పాత పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బొమ్మల కథలు స్థాయిల వారీగా ఉంటాయి. ఇంగ్లీషంటే టెన్షన్ పడే తెలుగు మీడియం పిల్లలకు ఇక్కడొక చిట్కా. ఒకే కథ అందులో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. ముందు తెలుగులో చదివి, ఆ వెంటనే ఇంగ్లీషులో చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి ఇంగ్లీషు వాక్యం బెదిరించదు. చిన్నపిల్లల బొమ్మల కథలు నాకెందుకని సిగ్గుపడకండి, ఎవరూ చూడరు.

8. ఇద్దరు ముగ్గురు తోడుంటే మంచిది

రూమ్మేట్లో, కోచింగ్ స్నేహితులో ముగ్గురు కలిస్తే ఒక్కో కార్డు మీద ఒక్కో పుస్తకం తెచ్చుకుని మార్చుకోవచ్చు. ఆదివారం కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతూ దాని గురించి వాదులాడుకోండి. ఆ పాత్ర చేసింది తప్పా ఒప్పా అని గంటసేపు కొట్లాడుకుంటే, గ్రూప్ డిస్కషన్‌కు వేరే కోచింగ్ అక్కర్లేదు.

పెద్దవాళ్లకు

పిల్లవాడు పుస్తకం మూసిన వెంటనే ‘ఏం నేర్చుకున్నావురా, నీతి ఏంటి?’ అని అడగొద్దు. సినిమా చూసొచ్చినవాడిని ఎవరైనా అట్లా అడుగుతారా? అడగాలనిపిస్తే ‘తర్వాత ఏమైంది?’ అనండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. మీరు టీవీ సౌండు పెంచుకుని వాళ్లను చదవమంటే మీ మాట విననట్లే కూర్చుంటారు. ఆ 20 నిమిషాలు టీవీ కట్టేసి మీరూ పేపర్ పట్టుకోండి.

కావాల్సిన పుస్తకం లైబ్రరీలో లేకపోతే

చాలామంది ‘లేదు’ అన్న మాట విని వెనక్కి వచ్చేస్తారు. అక్కడ ఆగకండి. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురణకర్త పేరు తెల్లకాగితం మీద రాసి, కింద సంతకం చేసి లైబ్రేరియన్‌కు ఇవ్వండి. సలహాల పుస్తకం ఉంటే అందులోనూ రాయండి. మీ స్నేహితుల చేత కూడా విడివిడిగా రాయించండి, ఒకే పుస్తకాన్ని నలుగురు అడిగితే దానికి బలం వస్తుంది. నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. అప్పుడు అధికారులు, నాయకులు లైబ్రరీకి వస్తారు కాబట్టి మీ కాగితం కాపీ ఒకటి జేబులో పెట్టుకుని పోండి.