మేక వెంట్రుక, జరీ పోగు: ఇంట్లో కట్టుకునే సముద్రపు ఫ్లై

కడప నుంచి సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాలి. కర్నూలు, అనంతపురం వాళ్ళకు ఇంకా దూరం. ఫ్లై అంటే గాలానికి వెంట్రుక, మెరుపు కట్టి చిన్నచేపలా చేసే ఎర. దాన్ని కట్టడానికి మాత్రం సముద్రంతో పనిలేదు. ఒక బల్ల, మంచి వెలుతురు, గుప్పెడు మేక వెంట్రుక ఉంటే చాలు. మేక వెంట్రుకకు సీమలో కొదవా?

మొదట నేర్చుకోవాల్సింది క్లౌజర్ మిన్నో. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌజర్ 1980ల్లో నదిచేపల కోసం కట్టిన నమూనా ఇది. తర్వాత సముద్రానికీ పాకింది. రెండు గుత్తుల వెంట్రుక, ఒక జత గుండ్లు, కాస్త మెరుపు, ఇంతే దీని సరంజామా. నీళ్ళలో లాగితే నెత్తళ్ళలా కనబడుతుంది, నెత్తళ్ళు తినే పండుగప్ప లాంటివి వెంటపడతాయి.

గాలం స్టెయిన్‌లెస్ స్టీలుది, 2 లేదా 1 నంబరు తీసుకోండి. అంకె పెరిగితే గాలం చిన్నదవుతుంది, 1/0, 2/0 అని సున్నా తగిలించిన వాటిలో మాత్రం తలకిందులు. చెరువుల్లో వేసే మామూలు గాలం ఉప్పునీళ్ళు తగిలాక ఒక్క రోజులోనే తుప్పు పడుతుంది. అయినా చేయి తిరిగేదాకా మొదటి పది ఫ్లైలు దానిమీదే కట్టండి. కట్టేముందే మొన వెనకాల ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. కట్టాక నొక్కితే గాలం విరిగినప్పుడు అరగంట పని కూడా పోతుంది.

గాలాన్ని పట్టుకోవడానికి ఫ్లై వైస్ కొనడం మంచిది. లేకుంటే హార్డ్‌వేర్ అంగట్లో దొరికే చిన్న బెంచ్ వైస్‌తో మొదలుపెట్టొచ్చు. దారం సన్నని నైలాన్‌దై ఉండాలి, 140 నుంచి 210 డెనియర్ (దారం లావుకు కొలత). టైలరు వాడే పాలిస్టర్ దారం నూగుగా, లావుగా ఉంటుంది, పది చుట్లకే తల బుడిపె కడుతుంది. కొత్త దారం తెచ్చిన రోజు ఖాళీ గాలానికి చుట్టి, తెగేదాకా లాగి చూడండి. నాలుగైదుసార్లు తెంచితే దాని బలం వేళ్ళకు తెలిసిపోతుంది. కట్టేటప్పుడు ఆ తెగే బలానికి ఒక మెట్టు కిందే లాగాలి.

వెంట్రుక మటన్ అంగట్లో అడిగితే దొరుకుతుంది. పోతుమేక వెన్ను మీదిది, తోకది, 6 నుంచి 8 సెంటీమీటర్లు ఉన్నది ఏరుకోండి, తెలుపు, నలుపు రెండూ. షాంపూతో రెండుసార్లు కడిగి నీడన ఆరబెట్టాలి. జిడ్డు ఉంటే జిగురు పట్టదు. గొర్రె ఉన్ని పనికిరాదు, నీళ్ళు తాగి ముద్దవుతుంది. విదేశీ పద్ధతుల్లో జింక తోక వెంట్రుక వాడమని ఉంటుంది. కర్నూలు పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి కదా అని ఆ ఆలోచన పెట్టుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. రంగు కావాలంటే పట్టుకు వేసే యాసిడ్ రంగులే మేక వెంట్రుకకూ పడతాయి. వేడినీళ్ళలో కాస్త వెనిగర్ పోసి ముంచాలి, మరిగించకూడదు.

మెరుపుకు జరీ. ధర్మవరం మగ్గాల దగ్గర తునకలు మిగులుతాయి. అయితే రాగి తీగ ఉన్న జరీ ఉప్పుకు పచ్చబడుతుంది. ప్లాస్టిక్ జరీ అడిగి తీసుకోండి. కళ్ళకు గుండ్ల గొలుసు కావాలి, కీచైన్లకు ఉంటుందే, అది. సుమారు 4 మిల్లీమీటర్ల గుండ్లున్నది చూసి, రెండేసి గుండ్ల జతలుగా కత్తిరించుకోండి. ఇందులోనూ స్టీలుదే నయం.

ఇక కట్టుడు. గాలం కాడ, అంటే వంపు కాని తిన్నని భాగం, అడ్డంగా, మొన కిందికి ఉండేలా వైస్‌లో బిగించండి. గాలం చివర తాడు కట్టే బెజ్జం నుంచి కాడ పొడవులో మూడో వంతు వెనక్కి పోయి దారం చుట్లు దగ్గర దగ్గరగా వేయండి. అక్కడ కాడ పైన గుండ్ల జత పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో పది చుట్లు వేయాలి. తర్వాత గుండ్ల అడుగున, కాడకు పైన, దారాన్ని పడుకోబెట్టి నాలుగు చుట్లు తిప్పితే ముందరి చుట్లు బిగుసుకుంటాయి. ఒక్క చుక్క ఫెవిక్విక్ వేయండి. బరువు కాడ పైన ఉంటుంది కాబట్టి నీళ్ళలో గాలం తిరగబడి మొన పైకి వస్తుంది. అడుగున రాళ్ళకు, నాచుకు తగులుకోకపోవడానికి కారణం అదే.

తెల్ల వెంట్రుక అగ్గిపుల్ల లావు తీసుకోండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పలచగా ఉందనిపించి ఇంకాస్త కలుపుతారు, ఫ్లై చీపురులా తయారవుతుంది, విసిరినా పోదు, నీళ్ళలో మునగదు. మొదలు పట్టుకుని దువ్వి అడుగు నూగు తీసేయండి. కాడ పైన, గుండ్లకు ముందు, అంటే బెజ్జం వైపు, కట్టి, గుండ్ల మధ్యనుంచి వెనక్కి పడుకోబెట్టి, గుండ్ల వెనక ఇంకోసారి కట్టాలి. మొత్తం పొడవు గాలం కాడకు రెండున్నర, మూడింతలు. మేక వెంట్రుక నున్నగా ఉండి జారుతుంది, మొదటి మూడు చుట్లు మెత్తగా వేసి తర్వాతే గట్టిగా లాగండి. ఒక్కసారిగా బిగిస్తే గుత్తి కాడ చుట్టూ తిరిగిపోతుంది.

ఇప్పుడు గాలాన్ని తిరగేసి బిగించండి, మొన పైకి. ఎనిమిది, పది జరీ పోగులు, వాటిమీద నల్ల వెంట్రుక అంతే లావు. వీటిని గుండ్లకు ముందు మాత్రమే కట్టాలి, మొన ఇరుపక్కలా కప్పినట్టు పడాలి. బెజ్జానికి వెనకే రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచాలి. అది లేకపోతే ముడి వేయడానికి చోటు లేక దారం బెజ్జంలోకి జారుతుంది. మిగిలిన మొదళ్ళను ఏటవాలుగా కత్తిరిస్తే తల సన్నగా కుదురుతుంది.

ముడికి రీఫిల్ తీసిన బాల్‌పెన్ను మూతి చాలు. మూతి చుట్టూ దారం ఒక చుట్టు తిప్పి, మూతిని బెజ్జానికి ఆనించి, ఆ ఉచ్చును తలమీదికి జార్చి లాగాలి. ఇలా ఐదుసార్లు. తర్వాత గోళ్ళరంగు, రంగులేనిది, రెండు పూతలు. కర్నూలు ఎండల్లో సీసాలో రంగు చిక్కబడుతుంది, మూత బిగించి నీడన ఉంచండి. ఎండాకాలం పొడిగాలికి వెంట్రుకలు వేళ్ళకు అంటుకుని వేధిస్తాయి. తడివేలు ఒకసారి రాస్తే సర్దుకుంటాయి.

తొట్టిలో వేసి లాగి చూడండి. పక్కకు ఒరిగితే గుండ్లు కాడకు అడ్డంగా, సమంగా లేవు. మొన కిందికే ఉంటే గుండ్లు తేలిక, లేదా వెంట్రుక మరీ ఎక్కువ. కట్టేటప్పుడే, ఫెవిక్విక్ ఆరకముందైతే గోరుతో గుండ్లను సరిచేయొచ్చు, ఆరాక తెంచి కట్టాల్సిందే. బ్లేడుతో దారం కోసి గాలం తిరిగి వాడుకోండి.

సముద్రం నుంచి వచ్చాక ఫ్లైలను మంచినీళ్ళలో ముంచి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. తడిసిన మామూలు గాలం ఒక్కటి లోపల ఉన్నా, దాని తుప్పు పక్కనున్న తెల్ల వెంట్రుకలకు అంటి పసుపు మరకలవుతాయి. డబ్బాలో ఒక నాఫ్తలీన్ ఉండ వేయండి, లేదంటే ఆరునెలలకు తీసేసరికి పురుగు వెంట్రుక తినేసి ఉంటుంది.