కరాటే మేడం కావాలంటే బ్లాక్ బెల్ట్ ఒక్కటే సరిపోదు

మా హన్మకొండలో కరాటే నేర్పే మగవాళ్లను అందరూ మాస్టర్ అంటారు, నన్ను మాత్రం ఇన్నేళ్లుగా కరాటే మేడం అనే అంటున్నారు. ఎట్లా పిలిచినా అక్కడిదాకా పోయే దారి ఒక్కటే, కాకపోతే ఆడవాళ్లకు ఆ దారిలో నాలుగు గతుకులు ఎక్కువ.

ముందు క్లాసు చూసుకోవాలి. ఇంటికి దగ్గరుందని చేరొద్దు, ఒక సాయంత్రం మొత్తం కూర్చుని చూడండి. చిన్న ఆడపిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు, టెన్త్ దాటిన అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, వాళ్లు మానకుండా వస్తున్నారంటే అక్కడ ఆడపిల్లలు ఇబ్బంది లేకుండా నేర్చుకుంటున్నారని నేను నమ్ముతా. షోటోకాన్, గోజు ర్యూ, షిటో ర్యూ, వాడో ర్యూ, స్టైల్ ఏదైనా ఫర్వాలేదు గానీ మధ్యలో మారితే చాలా కటాలు, అంటే ఒక వరుసలో చేసే కదలికలు, మళ్లీ నేర్చుకోవాలి. బెల్ట్ సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటుందో, దాన్ని బయట ఇంకెవరైనా ఒప్పుకుంటారో లేదో మొహమాటం లేకుండా అడగండి. నేను అడగలేదు. మొదటి చోట రెండేళ్లు ఫీజులు కట్టి తెచ్చుకున్న కాగితాలు ఇంకో చోట ఎవరూ చూడను కూడా చూడలేదు, మళ్లీ తెల్ల బెల్ట్ కట్టుకుని నాకంటే ఆరేడేళ్లు చిన్న పిల్లల వెనక నిలబడ్డా. ఆరు నెలల్లో బ్లాక్ బెల్ట్ ఇస్తామంటే మాత్రం దండం పెట్టి బయటికొచ్చేయండి.

రంగుల వరుస స్టైల్‌ను బట్టి మారుతుంది. మామూలుగా క్యూ అనే కింది మెట్లలో పదో క్యూ నుంచి ఒకటో క్యూ దాకా వచ్చి, ఆ తర్వాత బ్లాక్ బెల్ట్, అంటే షోడాన్. మానకుండా చేస్తే నాలుగైదేళ్లు పడుతుంది. షోడాన్ అనే మాటకు అర్థమే మొదటి మెట్టు. ఒకినావా నుంచి 1922లో టోక్యోకు కరాటే తీసుకెళ్లిన ఫునకోషి గిచిన్ గారు, జూడోలో ఉన్న ఈ డాన్, అంటే బ్లాక్ బెల్ట్ మెట్ల పద్ధతిని తీసుకుని 1924లో తన శిష్యులకు మొదటిసారి ఇచ్చారు. కాబట్టి అది రాగానే ఫ్లెక్సీ కొట్టించుకోనక్కర్లేదు.

నేర్పడం బ్లాక్‌కు ముందుండే బ్రౌన్ బెల్ట్ అప్పుడే మొదలుపెట్టండి. చిన్నపిల్లల బ్యాచ్‌కు వార్మప్ నేను చేయిస్తానని మీరే అడగండి. మీకు వచ్చిన టెక్నిక్ నోటితో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. గెదాన్ బరాయ్, అంటే కింద తగలబోయే దెబ్బను చేత్తో అడ్డుకునే బ్లాక్, చేయమంటే పిల్లలు ఒక చెయ్యి కిందికి విసిరి రెండోదాన్ని వేలాడేస్తారు, ఆ రెండో చెయ్యి నడుము దగ్గరికి వెనక్కి రావాలి, దాన్నే హికితే అంటారు. ఎన్నిసార్లు చెప్పినా రాలేదు. ఒకరోజు "అమ్మ కొంగు పట్టుకుని గుంజినట్టు గుంజు బిడ్డా" అన్నా, బ్యాచ్ మొత్తానికీ వచ్చేసింది.

నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది కియాయ్, అంటే ఆ అరుపు. చిన్నప్పటి నుంచి ఇంట్లో గొంతు తగ్గించు అన్నవాళ్లే, ఇక్కడేమో కడుపులోంచి అరవమంటారు. పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద ప్రాక్టీస్ చేశా, వాకింగ్‌కు వచ్చిన పెద్దాయన ఒకాయన ఉలిక్కిపడి ఆగిపోయాడు కూడా. ఇచి, ని, సాన్ అని జపాన్ భాషలో ఒకటి, రెండు, మూడు లెక్క మీరే గట్టిగా చెప్పడం అలవాటు చేసుకోండి, గొంతు దానంతటదే తెరుచుకుంటుంది.

ఇక ఎవరూ చెప్పని సంగతులు. గీ, అంటే కరాటే డ్రెస్, తెల్లగా ఉంటుంది కాబట్టి పీరియడ్స్ రోజుల్లో టెన్షన్ ఉంటుంది, లోపల నల్లటి షార్ట్స్ వేసుకోండి, కుమితే, అంటే ఎదుటివాళ్లతో ఫైట్, చేస్తుంటే చెస్ట్ గార్డ్ కొనుక్కోండి. బ్రౌన్ దాకా వచ్చిన అమ్మాయిలు చాలామంది నిశ్చితార్థం దగ్గరే ఆగిపోతారు. గ్యాప్ వస్తే రానివ్వండి, గీ మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. షోటోకాన్‌లో టెక్కి షోడాన్ అనే కటా ఉంది, మొత్తం కిబా దాచిలోనే, అంటే గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడం పెట్టి మోకాళ్లు వంచి, ఉండి ఒకే గీత మీద పక్కకు కదలాలి, వరండా అంత జాగా చాలు. పిల్ల నిద్రపోయాక రోజుకు నాలుగుసార్లు చేసి నేను కాళ్లు కాపాడుకున్నా. గర్భంతో ఉన్నప్పుడు కుమితే వద్దు, మిగతావి డాక్టర్‌ను అడిగి చేయండి.

షోడాన్ వచ్చాక రెఫరీ పరీక్ష మీద కూడా దృష్టి పెట్టండి. కుమితే పోటీలో స్కోర్లకు యుకో, వజారి, ఇప్పోన్ అని పేర్లు, యుకోకు ఒకటి, వజారికి రెండు, ఇప్పోన్‌కు మూడు పాయింట్లు, ఈ లెక్క పిల్లలందరికీ తెలుసు, కానీ జడ్జి కుర్చీలో కూర్చుంటేనే ఏ దెబ్బకు ఎందుకు పాయింట్ రాలేదో కనపడుతుంది. పని కోసమైతే సర్కారు బడులు చూడండి, సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్ష శిక్షణ అని మూడు నెలల క్లాసులు పెడతారు, జిల్లా విద్యాశాఖ ఆఫీసులో అడిగితే చెప్తారు. ఒక్క బ్యాచ్ ఫీజుతో ఇల్లు గడవదు.

క్లాసులో మీరు ఆడవాళ్లే అయినా సరే, పిల్ల భుజం సరిచేయాలంటే "ముట్టుకోనా" అని అడగండి. అట్లా అడిగించుకున్న పిల్లకు వద్దు అనడం కూడా వస్తుంది. నాలుగు బ్లాకులు వచ్చాయని ఎవరిమీదికైనా పొమ్మని మాత్రం నేర్పొద్దు. ముందు అరవాలి, పరుగెత్తాలి, 112కి గానీ పోలీసుల షీ టీమ్స్‌కు గానీ ఫోన్ చేయాలి.

మొదటి రోజు తల్లిదండ్రులు వచ్చి, "మాస్టర్ ఎప్పుడొస్తాడమ్మా" అని మిమ్మల్నే అడుగుతారు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, బెల్ట్ బిగించుకుని క్లాసు మొదలుపెట్టేయండి.