ఆర్టిఫీషియల్ గ్రాస్ పరిచే ముందు నీళ్లకు దారి చూడండి

హైదరాబాద్‌లో ఆర్టిఫీషియల్ గ్రాస్ కొనడానికి వెళ్తే ముందు చూపించేది పోగుల పొడవు, రంగు. పరిచాక ఇబ్బంది పెట్టేది మాత్రం కిందున్న నేల. జూలైలో గట్టి వాన ఒక్కటి పడితే చాలు, అడుగు వేసిన చోటల్లా చిత్తడి, నాలుగు రోజులకు ముక్క వాసన. గడ్డి వెనక పొరకు చిల్లులు ఉంటాయి, నీళ్లు దిగుతాయి కూడా. దిగిన నీళ్లు ఎటు పోవాలన్నది చూసుకోవాల్సింది మనమే.

బాపట్లలోనో విశాఖ తీరంలోనో ఇసుక నేల ఉన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ నీళ్లు వాటంతట అవే ఇంకుతాయి. వాళ్ల చిక్కు వేరు: ఇసుక జారి కంకర కిందికి దిగిపోతుంది, ఉప్పుగాలికి మేకులు తుప్పు పడతాయి. అందుకని కంకర కింద నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, చుట్టూ గట్టి అంచు, స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు తప్పవు. మన దగ్గర నేల తీరే వేరు.

ముందు నేలను పరీక్షించండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు రెండు మూడు అంగుళాలు దిగితే నేల బాగున్నట్టే. తెల్లారినా నీళ్లు అలాగే నిలిచి ఉంటే కింద నల్లరేగడి అయినా ఉంది, రాయి అయినా ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైన ఎంత చదును చేసినా ఏడాదికల్లా ఎగుడుదిగుడే. అలాంటి చోట కింద చెప్పే లోతు కన్నా మరో మూడు అంగుళాలు తవ్వి, మొరం పోసి, తడిపి దిమ్మిస చేయించాలి.

20 అడుగులు, 15 అడుగుల పెరడు అనుకుందాం. ఆరు అంగుళాలు తవ్వండి. తుంగ ఉంటే గడ్డలతో సహా ఏరేయాలి, లేకపోతే గడ్డిని పొడుచుకుని పైకి వస్తుంది. చాలామంది వాలును పైపొరలో ఇస్తారు. అది సరిపోదు, తవ్విన అడుగునే ఇవ్వాలి: ఇంటి గోడ నుంచి బయటికి 15 అడుగులకు రెండు అంగుళాలు. లెవల్ పైపుతో చూసుకుంటే చాలు.

పల్లం వైపు అడుగు లోతు, అడుగు వెడల్పు కాలువ తీసి, జియోటెక్స్‌టైల్ పరిచి, చిల్లులు వేసిన మూడు అంగుళాల పీవీసీ పైపు పెట్టండి. చిల్లులు కిందివైపు ఉండాలి. పైకి పెడితే నీళ్లు చిల్లుల ఎత్తుకు వచ్చేదాకా కాలువలోనే నిలుస్తాయి. పైపుకూ వాలు కావాలి, 20 అడుగులకు రెండున్నర అంగుళాలు. చుట్టూ 20 ఎంఎం కంకర నింపి గుడ్డ మడిచేయండి. పైపు చివర ఇంకుడు గుంతకు కలపండి. గుంత నిండితే నీళ్లు పొంగి వాన కాలువలోకి పోయే దారి కూడా ఉండాలి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు మాత్రం కలపొద్దు. వాననీళ్లు చేరితే అది రోడ్డు మీదికి పొంగేది అందుకే.

అంచుకు షాబాద్ బండ నిలువుగా పాతి సిమెంటు పట్టించండి. అడుగున 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) జియోటెక్స్‌టైల్ పరవండి. కలుపు రాకూడదని ప్లాస్టిక్ పట్టా వేయమనే మేస్త్రీలు ఉంటారు, ఒప్పుకోకండి. జియోటెక్స్‌టైల్ మీద నాలుగు అంగుళాల 20 ఎంఎం కంకర, ఆపైన ఒకటిన్నర అంగుళం 6 ఎంఎం చిప్స్, అంటే సన్న కంకర. ఈ రెండు పొరలకు, దిమ్మిసకు అణిగేది కలుపుకొని, కంకర 120 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), చిప్స్ 45 సీఎఫ్‌టీ తెప్పించండి. చిప్స్ బదులు క్రషర్ డస్ట్ (రాతిపొడి) పోస్తే పని తేలికే, చదునూ బాగా కుదురుతుంది. కాకపోతే అందులోని మెత్తటి పొడి రెండు వానలకు గట్టిపడి నీళ్లను ఆపేస్తుంది. ప్లేట్ కంపాక్టర్‌తో రెండు పొరలనూ విడివిడిగా అణచండి. గడ్డి పరచకముందే పావుగంట పైపుతో నీళ్లు కొట్టి చూడండి. నిలిచిన చోటు ఇప్పుడు దిద్దుకోవడం సులువు.

రోల్ వెడల్పు సాధారణంగా రెండు మీటర్లు, అంటే ఆరడుగుల ఆరంగుళాల పైచిలుకు. మూడు రోల్ వెడల్పులు కలిపి, అతుకుల దగ్గర అంచు కోసేశాక దాదాపు పందొమ్మిదిన్నర అడుగులు వస్తాయి. అందుకే అంచు బండను పాతేటప్పుడే లోపలికి జరిపి 20 అడుగుల వైపును అంతకు తగ్గించండి. ఆరంగుళాల కోసం నాలుగో ముక్క కొనక్కర్లేదు.

పోగులన్నీ ఒకే వైపు వాలాలి. రోల్ విప్పి రెండు మూడు గంటలు ఎండలో వదిలితే ముడతలు పోతాయి. అతుకు దగ్గర రెండు ముక్కలకూ రెండు మూడు కుట్ల వరస కోసి, ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉంచి, కింద అడుగు వెడల్పు సీమ్ టేపు వేసి పీయూ గమ్‌తో అతికించండి. నేల తడిగా ఉంటే గమ్ పట్టదు కాబట్టి ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. అంచుల వెంట అడుగుకొక ఐదంగుళాల గాల్వనైజ్డ్ మేకు కొట్టండి.

ఆఖరున పొడిగా ఉన్న సిలికా ఇసుక, చదరపు మీటరుకు దాదాపు ఆరు కిలోలు, అంటే మొత్తం 160 కిలోల పైన. కొంచెం కొంచెంగా చల్లుతూ గట్టి చీపురుతో పోగులకు ఎదురు ఊడవాలి. రోబో శాండ్ వద్దు, దుమ్ము కిందికి దిగి చిల్లులు పూడుకుపోతాయి.

ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఈ గడ్డి మీద చెప్పుల్లేకుండా నడవలేరు. ఎదురింటి అద్దాల నుంచి ఎండ పడే చోట పోగులు కరిగిపోవడమూ ఉంది. కొనేముందే ఓ మధ్యాహ్నం నిలబడి ఆ వెలుగు ఎక్కడ పడుతుందో చూడండి.

మేడ మీద అయితే కంకర బరువు వద్దు. వాటర్‌ప్రూఫింగ్ సరిచూసుకుని, కింద నీళ్లు పారే ఖాళీ ఉంచే ప్లాస్టిక్ డ్రెయిన్ సెల్ పలకలు పరిచి, వాటిపైన జియోటెక్స్‌టైల్, ఆపైన గడ్డి. నీళ్లు దిగే జాలీ మీది గడ్డి ముక్కను అతికించకుండా విడిగా కోసి పెట్టండి, ఆకులు అడ్డుపడితే ఎత్తి తీసేయొచ్చు.