గుర్రం ఎక్కకండి, ముందు మాలిష్ చేయండి

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి హనుమకొండకు తిరిగొచ్చాక రెండు నెలలు నేను చేసిందల్లా పొద్దున్నే భద్రకాళి చెరువు దిక్కు నడవడం, తెలిసినవాళ్లు ఎదురైతే ఫోన్‌లో తల దూర్చడం. "ఇప్పుడేం చేస్తున్నవ్?" అని అడగంది ఖిలా వరంగల్ దిక్కున ఒక కొట్టంలో కట్టేసిన తెల్ల బరాత్ గుర్రం ఒక్కటే.

మీకూ అట్లాంటి రోజులు నడుస్తుంటే, మనసు తేలికపడటానికి ఒక గుర్రం దగ్గరికి వెళ్లండి, అందుకోసం రైడింగ్ స్కూల్ వెతుక్కుంటూ కూర్చోకండి. బరాత్‌లకు గుర్రాలు పంపేవాళ్లెక్కడుంటారో ఏ బ్యాండ్ మేళం వాళ్లనడిగినా చెప్తారు. వెళ్లాల్సింది ఆషాఢంలో, లేదంటే మూఢంలో. పెళ్లిళ్లుండవు, గుర్రం కొట్టంలోనే ఉంటుంది, యజమానికీ తీరిక. గిరాకీ లేకపోయినా తిండి ఖర్చు ఆగదు, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, కాబట్టి ఒట్టి చేతులతో పోకండి, ఒక గడ్డి మోపో నాలుగు కిలోల ఉలవలో పట్టుకెళ్లండి. ఫొటోలు దిగి పోయే బాపతు కాదని వాళ్లకు అప్పుడే నమ్మకం.

వెనక నుంచి మాత్రం అస్సలు వెళ్లొద్దు. గుర్రానికి కళ్లు పక్కలకుంటాయి, దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది గానీ సరిగ్గా తోక వెనక, నుదుటి ముందర ఏమీ కనపడదు. "పక్కకెల్లి రా సార్, మాట్లాడుకుంట రా" అని ఆ తెల్ల గుర్రం యజమాని చాచా మొదటి రోజే అరిచాడు. ఎడమ భుజం వైపు నుంచి వెళ్లి చెయ్యి మెడ మీద వేయండి, మొహం మీద కాదు. చెవులు వెనక్కి వాలి తలకు అంటుకుపోయాయంటే కోపమొచ్చినట్టే, ఆగిపోండి. బూట్లు వేసుకోండి (చెప్పులతో వెళ్లి నేను బొటనవేలి గోరు పోగొట్టుకున్నా). టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఉండండి. ముక్కు కారుతున్నా ఒంటి మీద పుండ్లున్నా ఆ గుర్రం జోలికి పోవద్దు, గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బు మనుషులకూ అంటుకుంటుంది.

అసలు పని మాలిష్. ముందు రబ్బరు బ్రష్‌తో మెడ దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా రుద్దుతూ వీపు దాకా రండి, తర్వాత గట్టి బ్రష్‌తో వెంట్రుక వాలిన దిక్కుకే దువ్వండి. దుమ్ము లేస్తుంది, తుమ్ములొస్తాయి, చెయ్యి నొప్పెడుతుంది, ఈఎంఐ సంగతి ఓ అరగంట గుర్తుకు రాదు. కాసేపటికి గుర్రం తల కిందికి దించుతుంది, కింది పెదవి వేలాడేస్తుంది, ఒక వెనక కాలి గిట్టను మొన మీద ఆనించి నిలబడుతుంది. అప్పుడు ఎడమ మోచేయి వెనకాల చెవి ఆనించి వినండి. ఎదిగిన గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లే కొట్టుకుంటుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఉన్న ఆ ఖాళీలో నా ఊపిరి కూడా నెమ్మదించేది.

క్యారెట్ ముక్క పెడితే అరచెయ్యి పూర్తిగా చాపి పెట్టండి, అదీ చాచాను అడిగాకే. గుర్రం వాంతి చేసుకోలేదు, పడనిది తింటే కడుపు నొప్పితో ప్రాణం మీదికొస్తుంది.

నిద్ర పూర్తిగా పోయి, బతకాలనిపించట్లేదంటే మాత్రం గుర్రం సరిపోదు, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు.

శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యాక సాయంత్రాలు వెళ్తే గుర్రం దొరకదు. పొద్దున ఆరింటికి వెళ్లండి. రాత్రంతా డీజే చప్పుడులో నిలబడొచ్చిన కాళ్ల మీద చన్నీళ్లు పోయడానికి చాచాకు ఇంకో మనిషి కావాలి.