మనసుతో ముఖాముఖి – నాలుగో పాఠం: జవాబు పుట్టే క్షణం

గత వారం చెప్పిన ఇరవై నిమిషాల శ్వాస గమనింపు రోజూ చేశారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. రెండు మూడు రోజులు తప్పినా ఫరవాలేదు, మళ్లీ కూర్చోండి. ముక్కు కొన దగ్గర గాలి తాకిడిని గమనించడం, మనసు పక్కకు పోతే పోయిందని తెలుసుకుని తిరిగి రావడం. ఈ పాఠానికి అంత సాధన చాలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది కొంత సులువే. ఎదురుగా మరో మనిషి కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నప్పుడు ఆ ఎరుక నిలుస్తుందా? ఈ వారం పరీక్షించుకోవలసింది అదే.

అందుకు మనం ఎంచుకున్న పద్ధతి సంవాదం: కొందరం వలయంగా, అంటే గుండ్రంగా కూర్చుని ఒకరి మాట ఒకరు వినడం. మాట పాతదే, వాడుక మాత్రం కొంచెం వేరు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం మాటల పోటీని మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివారి మాటను పడగొట్టడానికే చేసేది వితండ. వీటిలో మూడోది మన ఇళ్లలో బాగా నిలిచింది, 'వితండవాదం చేయకు' అని పిల్లల్ని మందలిస్తూనే ఉంటాం. మనం చేయబోయేది ఈ మూడింటిలో ఎక్కడా ఇమడదు. అన్నిటికంటే మంచిదైన వాదానికి కూడా పక్షం, ప్రతిపక్షం ఉండాలి. ఇక్కడ నిలబెట్టుకోవలసిన పక్షమే లేదు. గీతలో ప్రతి అధ్యాయం చివర 'శ్రీకృష్ణార్జున సంవాదే' అని వస్తుంది కదా, అక్కడ అడిగేవాడొకడు, చెప్పేవాడొకడు. మన వలయంలో చెప్పేవాడు కూడా లేడు.

ఇలాంటి కూర్పును భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ (1917–1992) తన చివరి సంవత్సరాల్లో శ్రద్ధగా ప్రతిపాదించారు. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తితో ఆయన ఏళ్ల తరబడి సంభాషణలు సాగించారు. కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు, బాల్యంలో కొంతకాలం కడపలో గడిపారు, 1905లో తల్లిని పోగొట్టుకున్నదీ ఆ ఊళ్లోనే. బోమ్ చెప్పిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక్కటే: లోపల లేచిన అభిప్రాయాన్ని వెంటనే బయటికి అనేయకూడదు, అలాగని నొక్కేయకూడదు, కాసేపు కళ్లెదుట నిలిపి చూడాలి. తడి బట్టను దండెం మీద ఆరేస్తే చిరుగు ఎక్కడుందో, మరక ఎక్కడుందో కనిపిస్తుంది. ముద్దగా చేతిలో ఉన్నంతసేపు ఏదీ కనిపించదు. అభిప్రాయమూ అంతే. ఇరవై నుంచి నలభై మంది ఉంటే సమాజమంతా అక్కడ కూర్చున్నట్టు ఉంటుందని ఆయన ఆలోచన. ఊళ్లో అంతమందిని కూర్చడం కష్టం, ఆరుగురున్నా మొదలుపెట్టండి.

అనంతపురంలో మేము తొమ్మిది మందిమి. ఆదివారం ఉదయం ఆరున్నరకు, ఎండ ఎక్కకముందే, ఒక మిత్రుడి మేడ మీద చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చుంటాం. మధ్యలో దీపం గానీ పటం గానీ పెట్టం. పెట్టకూడదని నియమం కాదు. పెడితే అందరి చూపూ దాని మీదికి పోయి, ఎదుటి మనిషి ముఖం మరుగున పడుతుంది. మొదట పదిహేను నిమిషాలు శ్వాస మీద మౌనం, తర్వాత గంటసేపు మాట. విషయం ముందుగా అనుకోం. తీర్మానం చేయం. ఇక్కడ విన్నది మెట్లు దిగాక ఎక్కడా అనం. ఈ చివరి మాటకు అందరూ నోటితో ఒప్పుకోవాలి, లేకపోతే ఎవరూ మనసు విప్పరు.

ఇక అసలు పాఠానికి వస్తాను. జూలై మూడో వారంలో జరిగిన ఒక ఉదయం చెబితే సరిపోతుంది.

మాలో ఒకాయన రైతు. ఎనిమిది ఎకరాల ఎర్రనేల, బోరు ఎండిపోయి చాలా కాలమైంది. మన జిల్లాలో సాలుకు సగటున కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల మీదే. వేరుశనగ వేయాలంటే జూన్, జూలైలలో పదును వాన పడాలి. ఆ ఉదయం మౌనం ముగిశాక ఆయన నెమ్మదిగా మొదలుపెట్టారు. "జూన్ పోయింది, జూలై కూడా పోతోంది. విత్తనాలు ఒలిచి మూటలు కట్టి ఇంట్లో పెట్టాం. పొద్దున లేస్తే ఆకాశం, పడుకునేటప్పుడు ఆకాశం. ఇంకేమీ చూడటం లేదు నేను."

ఆయన ఇంకా ఊపిరి తీసుకోనే లేదు. ఒకరు కంది వేసుకోమన్నారు. ఇంకొకరు చీనీ (బత్తాయి) తోట సంగతి ఎత్తారు, నీళ్లెక్కడివని ఎవరూ అడగలేదు. నేను పంటల బీమా గురించి చెప్పాను. నా మాట తప్పు కాదు, కానీ ఆ వాక్యాన్ని ఎప్పుడు సిద్ధం చేసుకున్నాను? ఆయన 'విత్తనాలు' అన్నప్పుడే. ఆ తర్వాత ఆయన అన్నవేవీ నా చెవిన పడలేదు. ఆయన తల ఊపుతూ "సరే సార్, చూస్తాను" అన్నారు. మనిషి లోపలికి వెళ్లిపోయి తలుపు వేసుకున్నప్పుడు ఆ మాటే అంటాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అప్పటిదాకా మాట్లాడని ఒక పెద్దావిడ, డెబ్బై దాటిన ఆమె, కాసేపాగి అడిగారు. "ఇది చెప్పేటప్పుడు నీకు ఎక్కడ బరువుగా ఉంది నాయనా?"

చాలాసేపు ఎవరూ కదలలేదు. తర్వాత ఆయన అన్నారు: "కడుపులో పెద్దమ్మా. గట్టిగా పట్టేసినట్టుంది." మళ్లీ ఆగి, తనకు తానే చెప్పుకుంటున్నట్టుగా, "నేను ఆకాశాన్ని చూడటం లేదేమో. అటు తలెత్తిన ప్రతిసారీ పోయినేడాది ఎండిన చేను కనిపిస్తోంది" అన్నారు.

వాన ఆ రోజు పడలేదు. ఆయన అప్పు తగ్గలేదు. కానీ చూస్తున్నది ఆకాశమా, జ్ఞాపకమా అన్నది ఆయనే కనిపెట్టారు, ఎవరూ చెప్పి ఇచ్చింది కాదు. మేమంతా జవాబులతో ఉన్నంతసేపు అది ఆయనకు అందలేదు.

కాబట్టి ఈ వారం మీరు పట్టుకోవలసింది జవాబు పుట్టే క్షణాన్ని. ఎదుటివారి మాట సగంలో ఉండగానే లోపల ఒక వాక్యం తయారవుతుంది. దాన్ని ఆలోచనగా పట్టుకోవడం మొదట్లో సాధ్యం కాదు, అది అంత వేగంగా వస్తుంది. ఒంట్లో పట్టుకోవచ్చు. కొందరికి ఊపిరి ఛాతీ పైభాగంలో ఆగిపోతుంది, కొందరికి చెవులు వేడెక్కుతాయి, నాలుక పై పళ్లకు ఆనుతుంది, వీపు కొద్దిగా ముందుకు వంగుతుంది. నాకు కుడి చేయి లేస్తుంది. మీ గుర్తు ఏమిటో మీరే కనుక్కోవాలి, దానికి రెండు మూడు కూటాలు పట్టవచ్చు. శ్వాస సాధన ఇక్కడే అక్కరకు వస్తుంది. మనసు పక్కకు పోయిందని తెలుసుకునే ఆ అలవాటే ఇప్పుడు జవాబు లేచిందని తెలుపుతుంది.

గుర్తు కనిపించగానే జవాబును తొక్కిపెట్టకండి. చాలామంది పొరబడేది ఇక్కడే. పళ్లు బిగించి మౌనంగా కూర్చున్నవాడు వింటున్నట్టు కాదు, తన వంతు కోసం కాచుకుని ఉన్నట్టు. వాక్యం లేచింది, లేవనివ్వండి. దాన్ని చూస్తూ ఒక చిన్న ప్రశ్న వేసుకోండి: ఈ జవాబు ఎవరికి కావాలి? రమణ మహర్షి చూపిన విచారణ మార్గంలో, ఏ తలపు లేచినా 'ఇది ఎవరికి కలిగింది' అని అడగాలి. నాకు అని వస్తే, ఆ 'నేను' ఎవరని వెనక్కి వెళ్లాలి. 1896లో మదురైలో పదహారేళ్ల కుర్రవాడిగా మరణభయం పట్టుకున్నప్పుడు ఆయన ఎవరినీ అడగకుండా లోపలికి తిరిగి చూసుకున్నారు. వలయంలో మనకు ఆ విచారణలో మొదటి మెట్టు చాలు. 'నేనెవరు' అనేది ఒంటరి మౌనంలో వేసుకోవలసిన ప్రశ్న. పదిమందిలో దాన్ని ఎత్తితే ఉపన్యాసం మొదలవుతుంది, వేదాంత పదాలు బాగా తెలిసినవారు దాన్ని ఆపలేరు.

బీమా మాట నా నోట వచ్చిన రోజున ఈ ప్రశ్న వేసుకుని ఉంటే, సమాధానం తెలిసేది. అది రైతుకు కావలసింది కాదు. ఆయన బాధను చూస్తూ ఏమీ చేయలేక కూర్చోవడం నాకు భరించరానిదైంది, ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికి నాకే ఆ మాట కావలసి వచ్చింది.

ఎదుటివారు ముగించాక ఒక పూర్తి ఊపిరి లోపలికి, బయటికి వెళ్లనివ్వండి. అప్పటికీ ఆ వాక్యం నిలిచి ఉంటే చెప్పండి. చాలాసార్లు అది నిలవదు, దాని చోట ఒక ప్రశ్న మిగులుతుంది. సలహాను ప్రశ్నలా చుట్టి ఇవ్వడం మాత్రం వద్దు. 'కంది వేయొచ్చు కదా?' అన్నది ప్రశ్న కాదు. 'నాకూ అంతే జరిగింది' అని మొదలుపెట్టేవారు కూడా మంచి మనసుతోనే మాట్లాడతారు, కానీ ఆ ఒక్క మాటతో కథ ఎదుటివారి చేతిలోంచి జారి తమ చేతిలోకి వస్తుంది.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. వారాల తరబడి నిద్ర లేనివారికి, బతకాలని లేదన్నవారికి ఈ వలయం వైద్యం కాదు. అలాంటి మాట వినిపిస్తే పాఠాన్ని పక్కన పెట్టి, ఆ మనిషి పక్కన ఉండండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

వలయం ఇంకా కుదరనివారు ఇంట్లోనే సాధన చేయండి. రోజుకు ఒక్క మనిషిని ఎంచుకోండి, వీలైతే మీకు ఎప్పుడూ మాట పడనివారిని. ఎంచుకున్నట్టు వారికి చెప్పవద్దు. పది నిమిషాలు వినండి. జవాబు లేచిందని పసిగట్టిన ప్రతిసారీ మనసులో లెక్కపెట్టుకుని, తర్వాత ఒక కాగితం మీద అన్ని గీతలు గీయండి. మొదటి రోజు ఒక్కటీ ఉండకపోవచ్చు. జవాబులు లేవలేదని కాదు, మీకు కనిపించలేదని. గీతలు పెరుగుతుంటే సాధన సాగుతున్నట్టు. ప్రతి గీత పక్కన ఒంట్లో ఎక్కడ తెలిసిందో ఒక్క మాట రాయండి: గొంతు, చెవి, చేయి. ఎవరేమన్నారో రాయవద్దు. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని, దగ్గర పెట్టుకోండి.