చిన్న క్లస్టర్‌లో హెల్మ్: నెట్ నిదానం, కరెంటు కోత ఉన్నచోట

పర్లాకిమిడి, బరంపురం వైపు ఆఫీసు గదిలోనే కుబెర్నెటీస్ (కొన్ని కంప్యూటర్లను కలిపి క్లస్టర్‌గా అప్లికేషన్లను నడిపే వ్యవస్థ) నడిపి, దాని మీద హెల్మ్ అనే సాధనంతో అప్లికేషన్లు ఇన్‌స్టాల్ చేసే మనవాళ్లను ఇబ్బంది పెట్టేవి రెండు: నిదానమైన నెట్, మధ్యలో పోయే కరెంటు.

ముందు 'హెల్మ్ షో వాల్యూస్'తో చార్ట్ (హెల్మ్ ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) సెట్టింగులు చూసి, మార్చాల్సిన వరుసలే మీ ఫైల్లో రాసుకోండి. ఇమేజ్ (అప్లికేషన్ ఉండే ఫైల్ మూట) ట్యాగ్ 'లేటెస్ట్' వద్దు, కచ్చితమైన వెర్షన్ ఇవ్వండి. 'హెల్మ్ టెంప్లేట్'తో వచ్చే యామల్ (క్లస్టర్‌కు వెళ్లే సెట్టింగుల పాఠం) చదివాకే 'హెల్మ్ అప్‌గ్రేడ్ --ఇన్‌స్టాల్' కొట్టండి.

హెల్మ్ 3లో అప్లికేషన్ సిద్ధమయ్యేదాకా ఆగమని '--వెయిట్' పెడితే గడువు మామూలుగా 5 నిమిషాలే. 10 ఎంబీపీఎస్ లైన్లో 800 ఎంబీ ఇమేజ్ దిగడానికే దాదాపు 11 నిమిషాలు. అప్లికేషన్‌లో తప్పు లేకపోయినా రిలీజ్ (ఇన్‌స్టాల్ అయిన చార్ట్) ఫెయిలైందంటుంది. '--టైమౌట్ 20ఎం' ఇవ్వండి. ఇమేజ్‌ను ముందే నోడ్ (క్లస్టర్‌లోని కంప్యూటర్) మీదకు దించుకుంటే ఇంకా మేలు.

అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే రిలీజ్ 'పెండింగ్-అప్‌గ్రేడ్'లో ఇరుక్కుంటుంది. మళ్లీ కొడితే ఇంకో పని నడుస్తోందని ఆపేస్తుంది. కంగారుపడి అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, చార్ట్ సృష్టించిన నిల్వ వాల్యూమ్‌లతో పాటు డేటా పోవచ్చు. 'హెల్మ్ హిస్టరీ'లో చివరి 'డిప్లాయ్డ్' రివిజన్ నంబరు చూసి, దానికి తిరిగి వెళ్లేలా 'హెల్మ్ రోల్‌బ్యాక్' ఇవ్వండి. డేటాబేస్ పట్టికల్లో జరిగిన మార్పులను మాత్రం రోల్‌బ్యాక్ వెనక్కి తీసుకోదు. వాటికి బ్యాకప్ ముందే తీసి ఉంచాలి.